ఎలుగుబంటి దొరక్కపోయినా డబ్బు వాపసు లేదు

బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక ఆఫీసులో కూర్చుని అమెరికావాళ్ళ ప్రయాణ బీమా క్లెయిములు చదవడం నా ఉద్యోగం. పోయిన సూట్‌కేసులు, ఆలస్యమైన విమానాలు, మంచు మీద జారి విరిగిన మోకాళ్ళు. పన్నెండేళ్ళుగా ఇవే. అందుకే ఒక రాత్రి షిఫ్టులో స్క్రీన్ మీదికొచ్చిన ఒప్పంద పత్రం చూసి కళ్ళు నులుముకున్నాను. ఎక్కడికి: అలాస్కా. ఎందుకు: గైడ్‌తో పది రోజుల బ్రౌన్ బేర్ వేట. కింద చిన్న అక్షరాల్లో రెండు షరతులు. ఎలుగుబంటి దొరక్కపోయినా డబ్బు వాపసు ఉండదు. గుండు తగిలిన ఎలుగుబంటి తప్పించుకుపోతే చంపినట్టే లెక్క, వేట అక్కడితో సరి.

ఖర్చు మన డబ్బులో ఇరవై లక్షల పైమాటే.

ఎవరి క్లెయిము, ఏమైంది అన్నది చెప్పకూడదు, చెప్పను. ఇలాంటి ఒప్పందాలు ఎలాగూ ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. పక్క సీటు కుర్రాడిది పలాస అవతల ఉద్దానం. వాళ్ళ జీడితోటల్లో ఎలుగుబంటి తిరుగుతోందని కబురొస్తే ఆ పూట ఎవరూ తోటకి పోరు. నా భుజం మీంచి తొంగిచూసి, "డబ్బులిచ్చి మరీ దాని దగ్గరికెళ్తారా అన్నా?" అన్నాడు. టీ తాగుతుంటే ప్రశ్నలు పెరిగాయి. ఇది నేరం కాదా? ఇలా చంపుకుంటూ పోతే అవి మిగులుతాయా? పైగా ఒప్పందానికి జతచేసిన బ్రోషర్‌లో దీన్ని సంరక్షణ అని ఎలా రాసుకున్నారు?

మొదటి రెండింటికీ జవాబు తేలికే. మూడోదే చిక్కుముడి. ఆ రాత్రి నుంచి దొరికిన కాగితమల్లా చదువుతూ వచ్చాను.

ముందు పేర్ల సంగతి. బ్రౌన్ బేర్, గ్రిజ్లీ రెండూ ఒకే జాతి. అలాస్కా తీరం వెంట సాల్మన్ చేపలు తిని బలిసినవాటిని బ్రౌన్ బేర్ అంటారు, లోతట్టున దుంపలూ పళ్ళూ తిని చిన్నగా మిగిలినవాటిని గ్రిజ్లీ అంటారు. తేడా చాలావరకు తిండిలోనే. అలాస్కా దక్షిణ తీరాన ఉన్న కోడియాక్ దీవుల్లోవి మరీ పెద్దవి. సుమారు 12 వేల ఏళ్ళుగా మిగతావాటితో కలవకుండా అక్కడే ఉండిపోయాయి. పెద్ద మగది 680 కిలోల దాకా తూగుతుంది, వెనక కాళ్ళ మీద లేస్తే పది అడుగులు. మన ఎలుగుబంటి నూటయాభై కిలోలు దాటడం అరుదు.

అలాస్కా మొత్తం మీద ఇవి 30 వేల దాకా ఉన్నాయని అంచనా. ఒక్క కోడియాక్‌లోనే 3,500. ఏటా అక్కడ వేటగాళ్ళు చంపేది 180 అటూ ఇటూ, అంటే నూటికి ఐదు. అందులో 70 శాతం పైగా మగవి. ఈ మగ, ఆడ లెక్క ఎందుకంత ముఖ్యమో కాసేపట్లో వస్తాను. అలాస్కాలో వేట నేరం కాదు, కానీ ఎవరు పడితే వాళ్ళు తుపాకీ భుజాన వేసుకుని వెళ్ళడానికీ లేదు. కోడియాక్ దీవుల్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఈ ముక్కకి ఇన్ని పర్మిట్లు అని లెక్క కట్టి, స్థానికులకు లాటరీ తీస్తారు. పక్కనున్న అలాస్కా ద్వీపకల్పంలో మరో పద్ధతి: సరి సంవత్సరాల్లో వసంతంలో, బేసి సంవత్సరాల్లో శరత్కాలంలో వేట. కొన్ని ప్రాంతాల్లో ఒక మనిషికి నాలుగేళ్ళకి ఒక్క ఎలుగుబంటే.

ఇక గైడ్. బయటి రాష్ట్రంవాడు అలాస్కాలో బ్రౌన్ బేర్‌ని వేటాడాలంటే లైసెన్సు ఉన్న గైడ్ పక్కన ఉండి తీరాలి. దీనికొక మినహాయింపు ఉంది, చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. అలాస్కాలో స్థిరపడిన దగ్గరి బంధువు వెంట ఉంటే గైడ్ అక్కర్లేదు. దగ్గరి బంధువంటే ఎవరో చట్టమే జాబితా ఇచ్చింది: అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లలు, తాతమనవలు, భార్యాభర్తలు, అత్తమామలు, అల్లుడు, కోడలు, బావమరిది. బావమరిది పనికొస్తాడు. మేనమామ పనికిరాడు! మన ఇళ్ళల్లో చెవులు కుట్టించడం దగ్గర్నుంచి ప్రతిదానికీ ముందుండేది మేనమామే. అలాస్కా చట్టానికి ఆయన దూరపువాడు.

ఈ వెసులుబాటు కూడా అమెరికా పౌరులకే. విదేశీయుడైతే బ్రౌన్ బేరే కాదు, ఏ పెద్ద జంతువుకైనా గైడ్ తప్పదు. హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్ళకి మరో మెలిక: అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ ముట్టుకోకూడదు, చెల్లే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు.

గైడ్‌ని తప్పనిసరి చేసింది ప్రాణభద్రత కోసమని అందరూ చెప్తారు. సగమే నిజమనిపిస్తుంది నాకు. టెక్సాస్‌లో ఇరవై ఏళ్ళు వేటాడినవాడికి గైడ్ కావాలి. తుపాకీ ఎప్పుడూ పట్టని వాడు అలాస్కాలో 12 నెలలు కాపురముంటే స్థానికుడైపోతాడు, ఒంటరిగా వెళ్ళొచ్చు. ఎలుగుబంటికి రేషన్ కార్డు చూసి మనిషిని పోల్చుకోవడం రాదు కదా. మిగతా సగం బతుకుతెరువు. ఆ మారుమూల ఊళ్ళలో చేపల వేట, విమానాలు, గైడ్ పని తప్ప పెద్దగా ఉపాధి లేదు. ఒకప్పుడు ఒక్కో ప్రాంతం ఒక్కో గైడ్‌కి రాసిచ్చినట్టే ఉండేది, వేరేవాడు అడుగుపెట్టకూడదు. వన్యప్రాణులు ప్రజలందరి సొత్తు అని రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది కాబట్టి అలా పంచివ్వడం చెల్లదని 1988లో అలాస్కా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు ఒక గైడ్ మూడు ప్రాంతాలకు మించి పని చేయకూడదన్న పరిమితి ఉంది. కేంద్ర ప్రభుత్వ అభయారణ్యాల్లో అయితే గైడ్లు పోటీపడి అనుమతి తెచ్చుకోవాలి. కోడియాక్ లాంటి చోట్ల ధర అంత పలకడానికి ఇదొక కారణం: పర్మిట్లు కొన్నే, గైడ్లూ కొందరే.

ఆ పది రోజులూ ఏం జరుగుతుంది? ఎక్కువగా ఏమీ జరగదు. ఒప్పందంలో "వాతావరణం వల్ల పోయిన రోజులకు మా బాధ్యత లేదు" అన్న వాక్యం ఉత్తినే రాలేదు. రోడ్డు లేదు. నీళ్ళ మీద దిగే చిన్న విమానం తెచ్చి ఏ చెరువులోనో దింపిపోతుంది. పొగమంచు పడితే విమానం రాదు, మూడు రోజులు, నాలుగు రోజులు. దిగాక కూడా వెంటనే వేటకి పోకూడదు. విమానంలోంచి ఎలుగుబంటిని చూసుకుని, దిగి కాల్చేయడం మోసమని, ఎక్కివచ్చిన మర్నాడు తెల్లవారుజామున మూడు దాటేదాకా వేట నిషేధం.

తర్వాత ఒక గుట్టెక్కి కూర్చుంటారు. బైనాక్యులర్స్, మూడుకాళ్ళ స్టాండు మీద స్పాటింగ్ స్కోపు. రోజుకి పది పన్నెండు గంటలు ఎదుటి కొండవాలుని అంగుళం అంగుళం వెతకడం, వానలో. వసంతంలో గుహల్లోంచి ముందు మగవే బయటికొస్తాయి, పిల్లలున్న తల్లులు చివర్న. వసంతపు వేటలో మగవి ఎక్కువ పడటానికి కారణం అదే. దూరాన గోధుమరంగు చుక్క ఒకటి కదిలితే గైడ్ అసలు పని మొదలవుతుంది. అది మగదా ఆడదా? వెనక పిల్లలున్నాయా? పిల్లల్నీ, పిల్లలున్న తల్లినీ కాల్చడం నేరం. పక్కన కొలబద్ద పెట్టడానికి లేదు కాబట్టి గైడ్లు చెవులు చూస్తారు. చిన్నగా, తలకి చెరో అంచున దూరదూరంగా కనిపిస్తే తల పెద్దది, బహుశా ముదురు మగది. చెవులు పెద్దగా, దగ్గరగా ఉంటే పడుచుదో ఆడదో. నాకీ వివరం నచ్చింది. చెవులు పెద్దగా పెరగవు, వాటి చుట్టూ తల పెరుగుతుంది.

నచ్చితే గాలివాటం చూసుకుని, ఆల్డర్ పొదల్లోంచి పాకుతూ దగ్గరికి పోవాలి, నూటయాభై గజాల్లోపు అయితే మేలు. కాల్చేది డబ్బిచ్చినవాడు, పక్కనే తుపాకీ ఎక్కుపెట్టి గైడ్. గుండు తగిలి పొదల్లో దూరితే వెతకాల్సింది కూడా గైడే. ఆ "గాయపడితే చంపినట్టే" షరతు ఇందుకే. అది లేకపోతే తొందరపడి దూరం నుంచి కాల్చి, తప్పిపోతే మరోదాని వెంట పడతారు. కొన్ని ప్రాంతాల్లో ఇది ఒప్పందంలోనే కాదు, ప్రభుత్వ నిబంధనల్లోనూ ఉంది. డబ్బు గుంజడానికి పెట్టిన మెలిక అనుకున్నాను మొదట. కాదు, ఆ ఒప్పందంలో ఎలుగుబంటి పక్షాన ఉన్న ఒకే ఒక్క వాక్యం అదే.

చనిపోయాక చర్మం, పుర్రె తప్పనిసరిగా తెచ్చుకోవాలి. మాంసం తేవాలన్న నియమం చాలాచోట్ల లేదు. అందులో ట్రైకినెల్లా అనే పురుగు ఉంటుంది, ఉత్తరాదిన దొరికే రకం ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు, బాగా ఉడకాల్సిందే. తినడానికి కాకుండా చంపడం ఏమిటన్న విమర్శ మొదలయ్యేది ఇక్కడే, దానికి వేటగాళ్ళ దగ్గర గట్టి జవాబు ఉన్నట్టు నాకు కనబడలేదు. తెచ్చిన చర్మాన్నీ పుర్రెనీ 30 రోజుల్లోపు అధికారికి చూపించాలి. మగదో ఆడదో తెలిసే భాగం చర్మానికి అంటి ఉండాలి. ఆయన పుర్రె కొలిచి, ఒక చిన్న పన్ను పీకి, చర్మానికి ముద్ర వేస్తాడు. చెట్టు కాండంలో వలయాల్లాగే ఆ పన్ను కోసి చూస్తే వయసు తెలుస్తుంది. ఏటా వచ్చే పళ్ళ వయసు తగ్గుతూ పోతే, ఆడవాటి వాటా పెరుగుతూ పోతే, ఎక్కువ చంపేస్తున్నామని అర్థం. అప్పుడు పర్మిట్లు కోస్తారు. మొత్తం వ్యవస్థలో నాకు నిజంగా గౌరవం కలిగింది ఆ పన్ను దగ్గరే.

ఇక డబ్బు. "వేటగాడి డబ్బే ఎలుగుబంటిని కాపాడుతోంది" అన్న మాట ఎంతవరకు నిజం? బయటి రాష్ట్రపు అమెరికన్ ప్రభుత్వానికి కట్టేది లైసెన్సుకి 160 డాలర్లు, ఎలుగుబంటి ట్యాగ్‌కి, అంటే ఒకదాన్ని చంపడానికిచ్చే అనుమతి చీటీకి, 1,000. విదేశీయుడైతే 630, 1,300. వేట మొత్తం 25 వేల డాలర్లనుకుంటే అమెరికన్ జేబులోంచి నేరుగా ప్రభుత్వానికి చేరేది నూటికి ఐదు కూడా కాదు. మిగతాది గైడ్‌కి, ఆయన సహాయకులకి, విమానానికి, పెట్రోలుకి, తిండికి. అది తప్పేం కాదు, ఆ ఊళ్ళు దాని మీదే బతుకుతున్నాయి. కానీ 25 వేలూ సంరక్షణకే పోతున్నట్టు బ్రోషర్‌లో రాయడం మాత్రం మన రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో "ఎయిర్‌పోర్టుకి పదిహేను నిమిషాలు" లాంటిది.

అలాగని ఆ 1,160 డాలర్లు చిన్నవీ కావు. 1937లో అమెరికా ఒక చట్టం చేసింది. రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇస్తారు. రాష్ట్రం తన వంతు ఒక డాలరు పెడితే కేంద్రం మూడు పెడుతుంది, ఆ ఒక డాలరు తరచు లైసెన్సు ఫీజుల్లోంచే వస్తుంది. ఎలుగుబంటి పన్ను పీకి వయసు చూసే అధికారి జీతం, వాటిని లెక్కపెట్టే విమానం ఖర్చు చాలావరకు ఇక్కడివే. తమాషా ఏమిటంటే, ఎప్పుడూ వేటకి పోకుండా ఇంట్లో తుపాకీ కొని పెట్టుకున్నవాడు కూడా ఈ పన్ను కడుతున్నాడు.

సరే, డబ్బు చేరుతోంది, లెక్క ఉంది. ఎలుగుబంట్లు బాగానే ఉన్నాయా? కోడియాక్‌లో బాగానే ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. 1941లో అక్కడ అభయారణ్యం ఏర్పడటానికి ఒత్తిడి తెచ్చినవాళ్ళలో వేటగాళ్ళూ ఉన్నారు. కానీ బ్రౌన్ బేర్ మెల్లగా పెరిగే జంతువు. ఆడది తొలి కాన్పుకి రావడానికే ఐదారేళ్ళు. అరకిలో కూడా లేని పిల్లల్ని నిద్రకాలంలో గుహలో కని, రెండు మూడేళ్ళు వెంట తిప్పుకుంటుంది. అందాకా మళ్ళీ ఈనదు. ఒక ఆడదాన్ని పొరపాటున చంపితే ఆ నష్టం పూడటానికి దశాబ్దం పట్టొచ్చు. గైడ్ చెవులు చూస్తూ గంటలు గంటలు కూర్చోవడం ఇందుకే.

మరి మగవాటిని చంపితే నష్టం లేదా? ఇక్కడ రెండు వాదాలు ఒకదానికొకటి ఎదురెదురు. ముసలి మగవి పిల్లల్ని చంపుతాయి కాబట్టి వాటిని తీసేస్తే పిల్లలు బతుకుతాయని చాలామంది వేటగాళ్ళు నమ్ముతారు. స్వీడన్‌లో పరిశోధకులు చూసింది తిరగబడ్డ లెక్క: పెద్ద మగదాన్ని చంపితే ఆ ఖాళీలోకి కొత్త మగది వస్తుంది, అది తనవి కాని పిల్లల్ని చంపి తల్లిని మళ్ళీ ఎదకు తెస్తుంది. ఉత్తర అమెరికాలో చేసిన అధ్యయనాల్లో ఈ ప్రభావం అంత గట్టిగా కనిపించలేదు. కాబట్టి "మగదాన్నే చంపాం, ఏం ఫర్వాలేదు" అన్న మాటని అన్ని అడవులకీ ఒకేలా వర్తింపజేయడం కుదరదు.

ఇంకో ముడి. ఒక్కో ఎలుగుబంటి పన్ను పీకి వయసు రాసుకునే అదే అలాస్కా ప్రభుత్వం, 2023 వసంతంలో ముల్చాట్నా ప్రాంతపు కారిబూ (రెయిన్‌డీర్ జాతి జింక) మందను కాపాడతామంటూ హెలికాప్టర్ల నుంచి 94 బ్రౌన్ బేర్లను కాల్చేసింది. మగా ఆడా చూడలేదు, తల్లీ పిల్లా చూడలేదు. 2025 మార్చిలో కోర్టు ఆ పథకం చెల్లదంది, గొడవ అక్కడితో ఆగలేదు. కారిబూ, దుప్పి లాంటివి జనం తినే మాంసం, అందుకే ఓటర్లకు దగ్గర. 1960లలో కోడియాక్‌లో పశువుల పెంపకందార్ల కోసం చిన్న విమానాల నుంచి ఎలుగుబంట్లను కాల్చిన చరిత్ర కూడా ఉంది. గైడ్‌తో వచ్చిన వేటగాడికి మర్నాడు మూడింటిదాకా ఆగమన్న నీతి, ప్రభుత్వం దిగినప్పుడు గాలికి పోయింది.

పక్కనే ఉన్న కెనడా రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా 2017 చివర్లో గ్రిజ్లీ వేట మొత్తం ఆపేసింది, అక్కడి మూలవాసులకు తప్ప. అక్కడ అప్పటికి సుమారు 15 వేల గ్రిజ్లీలు ఉన్నాయని అంచనా. సంఖ్య పడిపోయిందని ఆపలేదు, జనం ఇక ఒప్పుకోవడం లేదని ఆపారు. రుమేనియాది తిరుగుదారి: 2016లో నిషేధించి, 2024లో ఒక యువతి ఎలుగుబంటి దాడిలో చనిపోయాక ఆ ఏడాదికి 481 చంపొచ్చని పార్లమెంటు తీర్మానించింది. అన్నిచోట్లా జీవశాస్త్రం ఒక్కటే నిర్ణయిస్తోందనుకోవడం భ్రమ.

చంపకుండా చూడ్డానికి పోయేవాళ్ళూ తక్కువేం లేరు. అలాస్కాలోనే మెక్‌నీల్ నది దగ్గర జలపాతం అంచున డజన్ల కొద్దీ ఎలుగుబంట్లు చేపలు పడుతుంటే పక్కనే నిలబడి చూడొచ్చు. రోజుకి పదిమందినే పంపుతారు, అక్కడికీ లాటరీయే. ఆ పర్మిట్ పద్ధతి వచ్చాక అక్కడ ఎలుగుబంటి వల్ల ఒక్కరికీ గాయం కాలేదు.

"మన దగ్గర ఇలా పెడితే ఉద్దానానికి డబ్బులొస్తాయి కదా అన్నా" అన్నాడు కుర్రాడు, సగం వేళాకోళంగా. పెట్టారు, ఒకప్పుడు. ఇక్కణ్ణుంచి మూడు గంటల దూరంలో మైసూరులో వాన్ ఇంగెన్ అని చర్మాల్లో కూరి బొమ్మలు చేసే కంపెనీ ఉండేది. 1900 ప్రాంతంలో మొదలై 1999 దాకా నడిచింది. మహారాజులు, దొరలు కొట్టిన పులులూ చిరుతలూ వేల కొద్దీ ఆ గుమ్మం దాటాయి. విదేశీ వేటగాళ్ళని తిప్పే షికారు కంపెనీలు 1970 దాకా దేశమంతా ఉన్నాయి. అప్పుడూ డబ్బు వచ్చింది. రానిది లెక్క. ఎన్ని ఉన్నాయి, ఎన్ని చంపాం, వాటి వయసెంత అని దేశం మొత్తానికీ కలిపి ఎవరూ రాసుకోలేదు. రాసుకునేసరికి పులులు పోబోతున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను దాదాపు పూర్తిగా మూసేసింది. మన ఎలుగుబంటి అందులో మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. మనుషుల ప్రాణానికి ముప్పు అనో, కోలుకోలేని స్థితిలో ఉందనో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చంపడానికి లేదు. తోట పాడుచేసిందంటే చాలదు.

బ్రౌన్ బేర్ మన దేశంలోనూ ఉంది, లద్దాఖ్, కశ్మీర్, హిమాచల్ ఎత్తుల్లో. దేశమంతా కలిపి 500 నుంచి 750 అని అంచనా. కోడియాక్ లెక్కలో నూటికి ఐదు అన్నా పాతిక నుంచి ముప్ఫై ఏడు, వాటిలో నాలుగైదు ఆడవి పొరపాటున పోతే చాలు, కోలుకోవడం కష్టం. అలాస్కా పద్ధతి అరువు తెచ్చుకోవడానికి ముందు అలాస్కా జనసాంద్రత తెచ్చుకోవాలి, చదరపు కిలోమీటరుకి ఒక మనిషి కూడా లేని చోటు అది. ఉద్దానంలో ఎలుగుబంటికీ మనిషికీ మధ్య ఉన్నది ఒక జీడిచెట్టు. అలాగని మనం చంపడం లేదనుకోకండి. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు ఎలుగుబంట్లూ చస్తాయి. ఆ చావులకి పన్ను పీకి వయసు రాసేవాడు లేడు.

క్లెయిము సంగతి అడుగుతారేమో. పేర్లు లేకుండా చెప్పాలంటే, ఇలాంటి పాలసీలు పొగమంచులో ఇరుక్కున్న రోజుల హోటలు బిల్లు, భోజనం ఇస్తాయి. ఎలుగుబంటి కనబడలేదన్నది నష్టం కింద రాదు. నేను ఫైలు మూసేసరికి తెల్లవారుతోంది. కుర్రాడు వచ్చే వారం సెలవు పెట్టాడు. ఏప్రిల్ కదా, జీడిపిక్కల కాలం. వాళ్ళమ్మ ఈ ఏడు చీకటితో తోటకి పోవడం మానేసిందట, ఎండెక్కాకే వెళ్తోందట, వీడు పక్కనుంటే పెందలాడే పోవచ్చని పిలిచింది.